మడ మొక్కలు నాటుట: ఫలితమును కొలుచుట ఎట్లు?

విశాఖపట్టణపు ఓడరేవు 1933లో తెరువబడినది. అంతకుపూర్వము డాల్ఫిన్ నోస్ కొండకు లోపలివైపున, పోటునీరు వచ్చిపోవు చిత్తడినేల యుండెను. దానిని త్రవ్వియే లోపలి హార్బరును నిర్మించిరి. మేఘాద్రిగెడ్డ ఒడ్డున నేటికిని కనబడు మడచెట్లు ఆ చిత్తడినేలకు శేషములు.

ఇట్టి నేలలలో మడ మొక్కలు నాటుట మెచ్చదగిన పనియే. కాని నాటిన మొక్కల సంఖ్యనే విజయముగా ప్రకటించుట సరికాదు. అది బడిలో చేరిన పిల్లలను లెక్కించి పరీక్షాఫలితము చెప్పుట వంటిది.

శ్రీలంక అనుభవమును చూడుడు. 2004 నాటి సునామీ తరువాత అచట నాటిన 23 స్థలములను శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2017లో ఫలితములను ప్రకటించిరి. వేయి హెక్టార్లకు పైగా నాటగా, నిలిచినది రమారమి అయిదవ వంతు మాత్రమే. తొమ్మిది స్థలములలో ఒక్క మొక్కయు మిగులలేదు. పలుచోట్ల తగని నేలలో పొన్నజాతి మొక్కలు నాటుట ఇందుకొక కారణము. పొన్నగింజ చెట్టుపైననే మొలకెత్తి కఱ్ఱవలె సాగును. దానిని బురదలో గ్రుచ్చుట సులభము. సులభమైనది ఎన్నుకొనిరి గాని, నేలకు తగినది ఎన్నుకొనలేదు.

మడచెట్టు వేళ్ళకు గాలి కావలెను. అందుకే తెల్లమడ ఊపిరివేళ్ళను బురదపైకి పంపును. నేల మిక్కిలి పల్లమైనచో మొక్క నీట మునిగి చచ్చును. మిక్కిలి మెరకయైనచో పోటు అందక ఉప్పు పేరుకొనును. విశాఖలో పోటుపాటుల నడుమ భేదము రెండు మీటర్లకు లోపే. కనుక ఇచట జానెడు ఎత్తు కూడ మొక్క ప్రాణమును నిర్ణయింపగలదు.

కృష్ణా, గోదావరి ముఖద్వారములలో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలసి చేసిన పని ఇంతకంటె మేలైనది. అచట చెట్లు నరికిన నేల ఎండకు కృంగి, నీరు నిలిచి, ఉప్పు పెరిగినది. ముందుగా చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి పోటునీటికి దారి నిచ్చిరి. పిమ్మట మొక్కలు నాటిరి. ఈ పద్ధతికిని లోపము కలదు: కాలువలు పూడిపోవును. పూడిక తీయుట మానినచో వ్యాధి తిరిగి వచ్చును.

2023 జూన్ 5న ప్రారంభమైన 'మిష్టి' పథకము దేశమున సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడను లక్ష్యముగా పెట్టుకొన్నది. వైశాల్యమొక్కటే కొలత కారాదు. అయిదేండ్ల పిమ్మట ఎన్ని మొక్కలు బ్రతికినవి? వాటి గింజలు తామై మొలచుచున్నవా? ఎండ్రకాయలు, చేపపిల్లలు చేరినవా? మేఘాద్రిగెడ్డ వంటి చోట మురుగు, ప్లాస్టిక్కు మొలకలను అణచుచున్నవా?

అన్నిటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: ఈ నేలలో మడ ఇంతవరకు ఎందుకు మొలవలేదు? పక్షులు మేత వెదకు బురదనేల ఖాళీస్థలము కాదు. కారణము తెలియక నాటిన మొక్క, కారణము తొలగనంతవరకు బ్రతుకదు.