కయత్తారు చింతచెట్టు క్రింద
(కట్టబొమ్మన చిత్రమును గూర్చి కొన్ని మాటలు)

1959లో బి. ఆర్. పంతులుగారు నిర్మించి దర్శకత్వము వహించిన 'వీరపాండియ కట్టబొమ్మన్' తమిళ చిత్రమును మనలో పెక్కుమంది చూచియే యుందురు. పాంచాలంకురిచ్చి పాళెగాడు ఇంట తెలుగు మాటలాడు రాజకంబళ నాయకుల కులమువాడు. అతడు మనవాడని గర్వించుట సహజమే. కాని మన ఇంటివాని కథను పరుల కంటె మనమే ఎక్కువ నిశితముగా పరిశీలింపవలసి యుండును.

శివాజీ గణేశన్ నటనకు నేను వంక పెట్టను. 1960లో కైరో నగరమున జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవమున ఆయనకు ఉత్తమ నటుడను బహుమానము లభించినది. కలెక్టరు జాక్సను ఎదుట పన్నును గూర్చి ఆయన గర్జించు ఘట్టము తమిళదేశమున పిల్లలకు సైతము కంఠస్థము. నా పేచీ ఆ గర్జనతోనే.

1798లో జాక్సను కట్టబొమ్మనను రమ్మని పిలిచి, కుర్తాళము మొదలు ఊరూర తన వెంట త్రిప్పుకొని, తుదకు సెప్టెంబరు నెలలో రామనాథపురమున గాని దర్శన మీయలేదు. అచ్చట జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంటు క్లార్కు మరణించెను. పాళెగాని మంత్రి పట్టుబడెను. పిదప కంపెనీవారు విచారణ జరిపి జాక్సనునే పదవి నుండి తొలగించిరి! గర్జన హోరులో ఈ సంగతి ప్రేక్షకుని మనస్సున నిలువదు. దొరతనమును దాని న్యాయస్థానముననే ఒకమారు ఓడించిన మనుష్యుడు మరుసటి యేడు ఉరికంబ మెక్కవలసి వచ్చుటలోనే అసలైన నాటకము కలదు.

1799 సెప్టెంబరు 5న మేజరు బానర్మను కోటను ముట్టడించెను. కట్టబొమ్మన తప్పించుకొని పుదుక్కోట అడవులు చేరెను. అచ్చట తొండమానుకు చిక్కెను. అక్టోబరు 16న కయత్తారులో, తోటి పాళెగాండ్రనందరను కూర్చుండబెట్టి, వారు చూచుచుండగా, అతనిని చింతచెట్టుకు ఉరితీసిరి. మరునాడు బానర్మను మద్రాసుకు వ్రాసిన జాబు నిలిచియున్నది. విచారణ వేళ అతడు జంకలేదనియు, ఎట్టయపురము, శివగిరి పాళెగాండ్రను తిరస్కారముతో చూచెననియు, ఉరికి పోవుచు తన మూగతమ్ముని గూర్చి మాత్రమే దిగులు పడెననియు, చెట్టు మొదట నిలిచి, కోట విడువక అందే చచ్చియున్న మేలై యుండెడిదనెననియు అందలి సారాంశము. శత్రువు వ్రాసిన ఈ నాలుగు వాక్యములలోని నిబ్బరము చిత్రములోని సుదీర్ఘ సంభాషణలలో నాకు కనబడలేదు. చిత్రము చూపులను సైతము ఉపన్యాసములుగా మార్చినది.

మరియొక మాట చెప్పుటకు కొంత సంకోచముగ నున్నది. వి. కె. రామస్వామి ధరించిన ఎట్టప్ప పాత్రను చూచి మనము కసరుకొందుము. తమిళమున ఆ పేరు నేడు ద్రోహికి పర్యాయపదము. కాని ఎట్టయపురమువారును కంబళ నాయకులే. తమ పూర్వులు చంద్రగిరి సీమ నుండి వచ్చిరని వారి వంశచరిత్ర చెప్పును. కట్టబొమ్మన మనవాడైనచో ఎట్టప్పయు మనవాడే. ఒకరిని కౌగిలించుకొని వేరొకరిని తమిళుల కప్పగించుట న్యాయము కాదు. ఇరుగుపొరుగు పాళెముల పొలిమేర తగవులను కంపెనీ ఎట్లు వాడుకొన్నదో చూపియుండినచో ఎట్టప్ప హాస్యపు దుష్టుడుగా మిగులక, మనలను భయపెట్టెడివాడు.

ఈ చిత్రమును తెలుగులోనికి మార్చినపుడు నాయకుని పేరు 'కట్టబ్రహ్మన' యైనది. 'గెట్టి బొమ్ము' అను తెలుగు పేరే తమిళుల నోట కట్టబొమ్మ అయినదని ఆ వంశమున చెప్పుకొందురు. తమిళులు కాపాడిన పేరును మనమే చెరిపివేసితిమి! ఇంతకు మించిన ఎగతాళి యేమి కలదు?

ఆ మూగతమ్ముడు, ఊమైదొర, 1801 ఫిబ్రవరిలో పాళెయంకోట చెరసాల నుండి తప్పించుకొని, నేలమట్టమైన కోటను మరల లేపెను. మే నెలలో అది పడిపోయినది. ఆ యేడే అతనిని కూడ ఉరితీసిరి. చిత్రము అన్న ఉరితోనే ముగిసినది. మాటలే లేని ఆ తమ్ముని కథను మన రచయితలలో ఎవరైనను చేపట్టినచో, దానిని చూచుటకు నేను ముందు వరుసలో కూర్చుందును.