పాత సి ప్రోగ్రాములు, కంపైలర్ హెచ్చరికలు

పూర్వకాలపు సి ప్రోగ్రామునొకదానిని నేటి లినక్సు యంత్రముపై నిర్మింపబూనినవారికి, తెరపై బారులుగా దొరలిపోవు హెచ్చరికలను జూచి రెండు విధములైన బుద్ధులు పుట్టుచుండును: ఫైలు తయారైనది గదా యని వానిని లక్ష్యపెట్టకుండుట యొకటి, హెచ్చరికలనన్నిటిని అణచివేయు ఐచ్ఛికమునిచ్చి కంపైలర్ నోరు మూయించుట రెండవది. రెండును హానికరములే యని నా దృఢాభిప్రాయము. ఏలయన ఆ ప్రోగ్రామును వ్రాసినవాడు తన యంత్రమును గూర్చి ఏమేమి నమ్మి వ్రాసెనో తెలుపు సాక్ష్యము ఆ పంక్తులయందే గలదు.

ఆ నమ్మకములు నాడు నిరాధారములు గావు. బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ 1970 దశకపు తొలినాళ్లలో సి భాషను తీర్చిదిద్దినప్పుడు, పీడీపీ-11 యంత్రమునందు ‘ఇంట్’ అను పూర్ణాంకమునకును, మెమరీ చిరునామాను దాల్చు పాయింటరునకును పరిమాణమొక్కటే, 16 బిట్లు. కావున ముందుగా ప్రకటింపని ఫంక్షను పూర్ణాంకమునే తిరిగి యిచ్చునని కంపైలర్ ఊహించినను, అక్కడ చిరునామా చెడలేదు. వేగముగా యంత్రభాషను పుట్టించుటయే కంపైలర్ పని; దోషవిచారణ స్టీఫెన్ జాన్సన్ రచించిన ‘లింట్’ అను వేరొక ప్రోగ్రామునకు చెందినది. 1979 నాటి యూనిక్సు ఏడవ కూర్పుతో వెలువడిన ఆ లింటే నేటి హెచ్చరికలలో పెక్కింటికి పూర్వరూపము.

ఇప్పుడొక హెచ్చరికను దగ్గరనుండి చూతము. పాత ప్రోగ్రామొకటి వినియోగదారుని హోమ్ డైరెక్టరీ నెరుగుటకై ‘గెటెన్వ్’ ఫంక్షనును పిలుచును గాని, దానిని ప్రకటించు ‘ఎస్‌టీడీలిబ్’ హెడరును చేర్చదు. కంపైలర్ మొదట, ఈ ఫంక్షను ప్రకటన లేకయే వాడబడినదనును. వెంటనే, పూర్ణాంకమునుండి పాయింటరు చేయబడుచున్నదనును. నేటి 64 బిట్ల యూనిక్సు యంత్రములలో పాయింటరు 64 బిట్లు, ఇంట్ 32 బిట్లే. గెటెన్వ్ ఇచ్చు చిరునామా సాధారణముగా స్టాక్ పైభాగమునకు చెందిన పెద్ద సంఖ్య గనుక, దాని పైసగము తెగిపోయి, ప్రోగ్రాము ఆ చిరునామాను తాకినంతనే కూలును. రెండవ హెచ్చరికను మాన్పుటకై కొందరు పాయింటరు కాస్టును తగిలింతురు. తెగిన సంఖ్యకు వేషము మార్చినంతమాత్రమున పోయిన బిట్లు తిరిగి రావు. చికిత్స మొదటి హెచ్చరికలోనే యున్నది: హెడరును చేర్చవలెను, అంతే.

అందుచేత అనుభవజ్ఞులు హెచ్చరికలనన్నిటిని ఒక ఫైలులోనికి మళ్లించి, మొదటిదానినుండియే చదువుదురు. ఒక్క హెడరు లోపము పదుల పంక్తులను పుట్టించుట సామాన్యము గనుక, దానిని సవరించి మరల నిర్మించిన పిమ్మటనే తక్కినవానిని విచారింతురు. సంఖ్యను జూచి ప్రమాదమును కొలువరాదు. షరతులో ఆపాదనము వ్రాసితివి, కుండలీకరణములు పెట్టుమను సూచనలు నూరున్నను, వానిలో పెక్కు రచయిత తెలిసి వ్రాసినవే కావచ్చును. ‘గెట్‌చార్’ ఫలితమును ‘చార్’లో దాచి, దానిని ఋణసంఖ్యయైన ఫైలు ముగింపు గుర్తుతో పోల్చు పంక్తి యొక్కటియున్నను అది గుర్తింపదగినది. పీడీపీ-11లో చార్ ఋణసంఖ్యను దాల్చగలదు. ఆర్మ్ లినక్సులో దాల్చలేదు, కావున అచ్చట ఆ పోలిక ఎన్నడును నిజము గాక లూపు అంతములేక తిరుగును.

ప్రకటింపని ఫంక్షనులను 1999 నాటి సి ప్రమాణము తొలగించినను, కంపైలర్లు చిరకాలము హెచ్చరికతోనే సరిపెట్టినవి. 2024లో వెలువడిన జీసీసీ 14 కంపైలర్ దానిని దోషముగా మార్చినది. అప్పటినుండి ప్రోగ్రాము నిర్మాణము కాలేదని పలువురు ‘గ్నూ89’ అను పాత ప్రమాణమును కోరుచున్నారు. కాని ఆ పాత ప్రమాణమున ఈ హెచ్చరిక ‘వాల్’ ఐచ్ఛికము నీయనిదే వినబడదు. చిరునామా తెగుట మాత్రము యథాతథముగా జరుగును. గ్నూ89ను కోరువారు వాల్‌ను కూడ తప్పక కోరవలెను. దీనికి భిన్నముగా, జీసీసీ 15 తానుగా అవలంబించు సీ23లో, ఫంక్షను ప్రకటనయందలి ఖాళీ కుండలీకరణములకు ఆర్గ్యుమెంట్లు లేవని యర్థము వచ్చినందున ఆగిపోవు ప్రోగ్రాములకు, ‘గ్నూ17’ అని ఒక్క మాట చెప్పినను సాధారణముగా చాలును. అట్టిచోట మూలమును తాకనవసరము లేదు.