ఆకులో గులాబీ: సికింద్రాబాద్ కుండీల్లో జిరేనియం

బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో ఒక మూలికల తోట ఉంది. 1860లో కట్టిన భవనాన్నీ, 90 ఎకరాల ఆవరణనూ చుట్టి వచ్చాక చాలామంది ఆ తోటను పైపైన చూసి బయటపడుతుంటారు. సర్పగంధ, నేలవేము, వట్టివేరు, నిమ్మగడ్డి లాంటి మొక్కల మధ్య అక్కడ జిరేనియానికి కూడా చోటిచ్చారు. ఒకప్పుడు ఏడాదిలో కొద్ది రోజులే తెరిచే ఈ ఆవరణను 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా సందర్శకులు చూడవచ్చు. ఈసారి వెళ్తే ఆ మొక్క దగ్గర కాసేపు ఆగండి. సికింద్రాబాద్ ఇళ్లలో ఏటా ఎంతో ఇష్టంగా కొని, ఏటా వానాకాలంలో పోగొట్టుకునే మొక్కల్లో అదొకటి. పోగొట్టుకోనక్కర్లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆకును దగ్గరగా చూద్దాం. అరచేతిలో సగం ఉండే ఆకు, అంచులు లోతుగా చీలి, ఒక్కో చీలిక మళ్లీ చిన్న చిన్న పాయలుగా విడిపోయి ఉంటుంది. ముట్టుకుంటే నూగు తగులుతుంది. ఎండకు ఎదురుగా పట్టుకుంటే ఆ నూగు సన్నగా మెరుస్తుంది. ఆ వెంట్రుకల్లో కొన్నిటి చివర సూదిమొన కన్నా చిన్న బుడిపె ఉంటుంది. నూనె దాగి ఉండేది ఆ బుడిపెలోనే. వేలు రాసుకోగానే అది చిట్లి గులాబీ వాసన వస్తుంది, వెనకే కాస్త పుదీనా చల్లదనం. గులాబీ నూనెలో ముఖ్యంగా ఉండే జిరానియాల్, సిట్రొనెల్లాల్ అనే పదార్థాలే ఈ ఆకులోనూ ఉన్నాయి కాబట్టి ఆ పోలిక. పుదీనా ఛాయ ఐసోమెంథోన్ వల్ల వస్తుంది. పువ్వులు మాత్రం చిన్నవి, లేత గులాబీ రంగువి. పై రెండు రేకుల మీద ఊదా గీతలుంటాయి. వాటికి వాసన లేదు. ఈ మొక్క సంపద అంతా ఆకుదే.

ఆకు వాసన మనకు కొత్త కాదు. కనకాంబరాల దండలో మరువం రెమ్మ లేకపోతే దండ నిండినట్టు ఉండదు. దవనం లేని పూలమాల చప్పగా ఉంటుంది. వినాయక చవితికి పూజించే ఇరవై ఒక్క పత్రిలో మాచిపత్రి, మరువం, తులసి అన్నీ ఆకు వాసన మొక్కలే. చవితి ముందురోజు మోండా మార్కెట్‌లో పత్రి కట్టలు కొనేవాళ్లకు ఆ వాసనల కలగలుపు ఏమిటో తెలుసు. అలాంటి ఇళ్లలోకి జిరేనియం వస్తే పరాయిగా ఉండదు. మరువం కుండీ పక్కన పెట్టండి, అదే వరసలో కలిసిపోతుంది.

పుట్టిల్లు దక్షిణాఫ్రికా

జిరేనియం అని మనం పిలిచే ఈ మొక్కను వృక్షశాస్త్రజ్ఞులు 1789 నుంచి పెలార్గోనియం అనే వేరే ప్రజాతిలో ఉంచారు. మన వాడుకలో జిరేనియమే నిలిచింది. ఇండియాకు వచ్చే యూరప్ ఓడలు కేప్ తీరంలో ఆగినప్పుడు అక్కడి పెలార్గోనియం మొక్కలు యూరప్ తోటలకు చేరాయి. గులాబీ వాసన రకాన్ని ఫ్రాన్స్‌లోని గ్రాస్ పరిసరాల్లో అత్తరు కోసం సాగు చేశారు. తరవాత అల్జీరియాకు, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి వెళ్లింది. ఆ దీవి పాత పేరు బోర్బన్. ఇప్పటికీ మేలురకం జిరేనియం నూనెను ఆ పేరుతోనే పిలుస్తారు. గత శతాబ్దం తొలినాళ్లలో తమిళనాడులోని ఏర్కాడు కొండలకు చేరి, అటునుంచి నీలగిరికి పాకింది.

కొండల చలికి అలవాటు పడిన ఈ మొక్కను దక్కన్ మైదానంలో పండించవచ్చా అన్న ప్రశ్నకు జవాబు మనకు దగ్గర్లోనే, బోడుప్పల్‌లో దొరికింది. లక్నో కేంద్రంగా పనిచేసే కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్‌కు అక్కడ పరిశోధన కేంద్రం ఉంది. ఆ కేంద్రం శాస్త్రవేత్త బి.ఆర్. రాజేశ్వరరావు, ఆయన సహచరులు ఈ ఎర్ర నేలల్లో, ఈ ఎండల్లో గులాబీ జిరేనియం ఎలా పెరుగుతుందో, ఏ దూరంలో నాటాలో, పుదీనా లాంటి పంటలతో కలిపి ఎలా వేయాలో ఏళ్ల తరబడి పరిశీలించి రాశారు. పొలంలో పండిస్తే దాదాపు వెయ్యి కిలోల ఆకు నుంచి కిలో, కిలోన్నర నూనె మాత్రమే వస్తుంది. ఆ నూనె ఖరీదు కావడానికి ఇదొక కారణం. ఇంట్లో మనకు నూనె అక్కర్లేదు. నాలుగు ఆకులుంటే చాలు.

చంపేది ఎండ కాదు, వాన

మన ఊళ్లో ఈ మొక్కను పెంచేవాళ్లు మొదట తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. మేలో 40 డిగ్రీలు దాటే ఎండను చూసి భయపడతాం. నిజానికి మధ్యాహ్నం నీడ ఉంటే జిరేనియం వేసవిని ఎలాగో ఈడ్చుకొస్తుంది. సికింద్రాబాద్‌లో ఏడాదికి కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. కుండీ మన్ను ఆరే వీలుండదు. గాలిలో తేమ, మట్టిలో తేమ, పైన మబ్బు. ఈ మూడూ కలిస్తే మట్టిలోని బూజు తెగుళ్లు వేళ్లను పట్టుకుంటాయి. మొదలు నల్లబడి మెత్తబడుతుంది. తడిమట్టిలో ఉన్నా ఆకులు వాడిపోతాయి. నీళ్లు చాలలేదనుకుని మరిన్ని పోస్తాం. దాంతో మొక్క చేయి దాటిపోతుంది.

అందుకని తొలకరి పడగానే కుండీని వాన నేరుగా పడని చోటికి జరపండి. బాల్కనీ లోపలి గోడ వార, మెట్ల కింద వెలుతురు తగిలే మూల, డాబా మీద రేకు చూరు కింద, ఏదైనా సరే. గాలి మాత్రం ఆడాలి. ఉత్తర భారత మైదానాల రైతులకు సీమ్యాప్ నేర్పిన పద్ధతి కూడా ఇదే: వానాకాలం నాలుగు నెలలూ తల్లిమొక్కలను పారదర్శకమైన పాలిథీన్ కప్పు కింద కాపాడుకుని, చలికాలం రాగానే వాటి నుంచి కొమ్మలు తీసి నాటడం. డాబా మీద కుండీకీ, ఎకరం పొలానికీ సూత్రం ఒక్కటే.

కొమ్మ నాటే పని

గులాబీ జిరేనియం సాగులో ఉన్నది సంకరజాతి. విత్తనం కట్టదు. అంటే ప్రపంచంలో ఉన్న ప్రతి మొక్కా ఎవరో ఒకరు కొమ్మ తుంచి నాటినదే. ఈ మొక్కను పెంచడం అంటే అసలు నేర్చుకోవాల్సింది కొమ్మ నాటడమే. మిగతావన్నీ దాని తరవాతే.

మన దగ్గర అదను దసరా వెళ్లి, వానలు వెనకబట్టాక. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా ఎప్పుడైనా నాటవచ్చు. మరీ లేతగా ఉన్న చిగురు కుళ్లిపోతుంది. బెరడు కట్టి గోధుమరంగు తిరిగిన ముదురు కొమ్మ వేరు పట్టడానికి చాలా కాలం తీసుకుంటుంది. వంచితే వంగి, ఇంకా వంచితే టప్పున విరిగే కొమ్మ సరైనది. నాలుగు కణుపులు ఉండేలా, సుమారు నాలుగు అంగుళాల ముక్కను, కణుపుకు సరిగ్గా కింద పదునైన బ్లేడుతో కోయాలి. కోసే ముందు బ్లేడును శుభ్రం చేసుకోవాలి. అడుగు ఆకులు తీసేసి పైన రెండు మూడు ఉంచాలి. మొగ్గ ఉంటే తుంచేయాలి.

ఇప్పుడు చాలామంది తొందరపడి నీళ్లలో పెట్టేస్తారు. ఆగండి. కోసిన ముక్కలను నీడలో కొన్ని గంటలు ఆరనివ్వండి. కోత మీద సన్నని పొర కట్టాలి. కుళ్లు లోపలికి పోకుండా ఆపేది ఆ పొరే. తరవాత గరుకు ఇసుక, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపిన చిన్న కుండీలో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, చుట్టూ వేలితో అదమండి. ఒకసారి తడిపి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట పెట్టండి. గులాబీ కొమ్మలకు చేసినట్టు పైన ప్లాస్టిక్ కవరు కప్పకండి, లోపలి చెమ్మకు కుళ్లుతాయి. పైమట్టి ఆరాకే మళ్లీ తడి. మూడు నుంచి ఐదు వారాల్లో వేళ్లు వస్తాయి. వచ్చాయో లేదో చూడటానికి పీకకూడదు. నడినెత్తిన కొత్త ఆకు విప్పుకుంటే వేరు పట్టినట్టే. అప్పుడు పెద్ద కుండీకి మార్చుకోవచ్చు.

కుండీ, మన్ను, నీళ్లు

ఎనిమిది, పది అంగుళాల మట్టికుండీ శ్రేష్ఠం. దాని గోడల గుండా కూడా తేమ ఆరుతుంది. అడుగు రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించి, రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగుల బెడదను వేపపిండి తగ్గిస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేరుముద్ద చుట్టూ బంకమన్ను ఉంటే మెల్లగా రాల్చి ఈ మిశ్రమంలోకి మార్చండి.

నీళ్లకు లెక్క వేలితోనే. వేలు అంగుళం లోతు దింపితే పొడిగా తగిలినప్పుడు, పొద్దున్నే, మొక్క మొదలు దగ్గర పోయాలి. ఆకుల మీద చల్లకూడదు. రోజుకు నాలుగైదు గంటల ఎండ కావాలి. మార్చి నుంచి మే దాకా పదకొండు తరవాత నీడ ఉండాలి.

ఎరువు విషయంలో చేయి బిగించడమే మేలు. యూరియా లాంటివి పడితే మొక్క గుబురుగా పెరిగి ఆకులు పెద్దవవుతాయి కానీ వాసన పలచబడుతుంది. చలికాలంలో నెలకోసారి పిడికెడు వర్మీకంపోస్టు చాలు. కొమ్మ జానెడు పెరగగానే చివర తుంచితే పక్కల నుంచి రెండు మూడు కొమ్మలు వస్తాయి. పెద్ద కత్తిరింపు అక్టోబరులో చేయండి, ఆ ముక్కలే నాట్లకు పనికొస్తాయి. వానాకాలంలో కత్తెర ముట్టుకోకూడదు.

పిండినల్లి, తెల్లదోమ కనిపిస్తే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున చల్లాలి. వంటలో వాడే మొక్కకు రసాయన మందులు వద్దు.

దోమల మాట

సంతల్లో, నర్సరీల్లో ఈ మొక్కను, దీని నిమ్మవాసన చుట్టాన్ని "దోమల మొక్కమ్మా, గుమ్మం దగ్గర పెడితే దోమ రాదు" అని అమ్ముతుంటారు. ఈ మాట నమ్మకండి. నలిపిన ఆకులోని నూనెకు దోమలను కొంతసేపు దూరం పెట్టే గుణం ఉంది. కుండీలో నిలబడిన మొక్క మాత్రం దోమలను ఆపదని పరీక్షల్లో తేలింది. ఇది సికింద్రాబాద్‌లో మరీ గుర్తుంచుకోవాల్సిన విషయం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది ఇక్కడే. ఆయన పేరు మోస్తున్న భవనం బేగంపేటలో ఉంది. ఆ కృషికే 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. దోమ పుట్టుక నిలిచిన నీటిలోనని మనకు తెలుసు. జిరేనియం కుండీ కింద పెట్టిన పళ్లెంలో నీళ్లు నిలిస్తే డెంగీ దోమకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. పళ్లెం తీసేయండి. అది మొక్క వేళ్లకూ మంచిది, ఇంటికీ మంచిది.

వంటింట్లో, బీరువాలో

కడిగి పూర్తిగా ఆరబెట్టిన ఐదారు ఆకులను పంచదార డబ్బాలో పొరల మధ్య పెట్టి మూత బిగించండి. వారం, పది రోజుల్లో పంచదారకు గులాబీ పరిమళం పడుతుంది. సేమ్యా పాయసం దించాక యాలకుల బదులు ఆ పంచదార ఒక చెంచా వేసి చూడండి. వేసవిలో నిమ్మకాయ షర్బత్‌కు వేడినీళ్లలో రెండు ఆకులు మూతపెట్టి నాననిచ్చి, ఆకులు తీసేసి, చల్లార్చి కలుపుకోవచ్చు. గ్రీసు దేశంలో పండ్లను పాకం పట్టేటప్పుడు ఈ ఆకు వేయడం ఇళ్లలో అలవాటు. నీడలో ఎండిన ఆకులను పలచని గుడ్డలో మూటగట్టి పట్టుచీరల బీరువాలో పెట్టుకోవచ్చు.

మూడు జాగ్రత్తలు. వంటకు గులాబీ వాసన రకమే వాడాలి, అదీ మందు కొట్టని మీ ఇంటి మొక్క నుంచి. కొందరి చర్మానికి ఈ రసం పడదు, దద్దుర్లు వస్తే మానేయండి. ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే అందనంత ఎత్తులో పెట్టండి. తింటే వాటికి వాంతులవుతాయి.

అపార్ట్‌మెంట్లలో గులాబీకి చోటు లేదనుకునేవాళ్లకు గులాబీ పరిమళాన్ని ఇవ్వగల మొక్క ఇది. చూపులేనివాళ్లూ, మంచం దిగలేని పెద్దవాళ్లూ కూడా వేలితో తాకి ఆనందించగల మొక్క. పూల కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఏ రోజుకారోజు ఆకు ఉంటుంది. అయితే ఏ జిరేనియమూ మన వాతావరణంలో కలకాలం ఉండదు. మూడు నాలుగేళ్లకు మొదలు ముదిరి, కొమ్మలు బోసిపోతాయి. అప్పటికి పక్కన దాని పిల్లమొక్క సిద్ధంగా ఉండాలి.

కాబట్టి ఈ అక్టోబరులో రెండు కొమ్మలు కాదు, నాలుగు నాటండి. రెండు మీకు ఉంచుకుని రెండు ఇరుగుపొరుగుకు ఇవ్వండి. ఏ వానాకాలమైనా మీ కుండీ పోతే, మీరిచ్చిన ఇంటి నుంచే ఒక కొమ్మ మళ్లీ మీకు దొరుకుతుంది.