‘లై’ యను మాటకు అబద్ధము సరియగునా?

ఇంగ్లీషులో ‘లై’ యను చిన్న మాట యొకటి కలదు. దాని యర్థమేమని బడిపిల్లవానిని అడిగినచో తడుముకొనక ‘అబద్ధము’ అని చెప్పును. పాఠ్యపుస్తకములలోని పదపట్టికలును అట్లే చెప్పును. ఈ యర్థము కొంతవఱకు సరియే కాని, పూర్తిగా సరికాదు. ఈ లోపము భాషకు మాత్రమే సంబంధించినదైనచో పండితులకు విడిచిపెట్టవచ్చును. కాని దీని చాటున మన యిండ్లలో పిల్లలకును ఆడుబిడ్డలకును అన్యాయము జరుగుచున్నది గనుక చదువరులు దీనిని కొంచెము విచారింపవలెను.

మొదట మన మాటను జూతము. అబద్ధమనగా కట్టబడనిది, పొందిక లేనిది. అమరకోశము దీనికి అర్థము లేని మాట యనియే చెప్పినది. కల్లమాటకు వితథము, అనృతము అను పేళ్లను వేఱుగా నిచ్చినది. తెలుగులోనికి వచ్చిన పిమ్మట ఈ పదము నిజము కాని ప్రతి మాటకును పేరైనది. చెప్పినవాడు ఎఱిగి చెప్పెనా, ఎఱుగక చెప్పెనా యను విచారణ దీనిలో లేదు. ఇది మాటను తూచును గాని మనిషిని తూచదు.

‘లై’ యట్టిది కాదు. చెప్పువాడు తన మాట నిజము కాదని యెఱిగియుండవలెను. వినువాడు దానిని నమ్మవలెనని కోరియుండవలెను. ఈ రెండును కూడినప్పుడే ఆ పేరు చెల్లును. సూర్యుడు భూమిచుట్టు తిరుగుచున్నాడని నమ్మి చెప్పిన పూర్వుల మాట నిజము కాదు. అయినను వారు ‘లై’ చెప్పిరని ఎవరును అనరు. నటుడు రంగముమీద నిజము కానివే పలుకును. మోసగింపదలచినవాడు కాడు గనుక అతనికిని ఈ దోషము లేదు. ఆ మాట మనిషి మనస్సుమీదనే నేరము మోపును గనుక, బ్రిటిషు పార్లమెంటులో తోటి సభ్యునిపై దానిని ప్రయోగించుట నిషిద్ధము. 1906లో విన్‌స్టన్ చర్చిల్ దక్షిణాఫ్రికాలోని చైనా కూలీలను గూర్చి మాటలాడుచు ‘పరిభాషలో అయథార్థత’ యను అర్థము వచ్చు డొంకతిరుగుడు మాటను వాడగా, అది ‘లై’కి మారుపేరుగా నిలిచిపోయినది.

మన న్యాయశాస్త్రమును ఈ భేదమునే పాటించుచున్నది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 191వ సెక్షను ప్రకారము, సాక్షి చెప్పినది నిజము కాకపోయినంతమాత్రమున చాలదు. అది నిజము కాదని యతడు ఎఱిగియైన నుండవలెను, నమ్మియైన నుండవలెను, లేదా నిజమను నమ్మకము లేకయైన చెప్పియుండవలెను. ఆ కోడునకు మారుగా 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఈ నియమము 227వ సెక్షనుగా నిలిచియున్నది.

కోర్టులో సాక్షికి గల యీ రక్షణ యింటిలో పిల్లవానికి లేదు. మా మెదకులో వానకాలమున చెఱువు అలుగు పాఱుచున్నదని యొక పిల్లవాడు వీధిలో విని వచ్చి యింట చెప్పెననుకొందము. అది నిజము కాదని తేలినచో, ‘అబద్ధములాడుచున్నావా?’ యని తండ్రి చేయి చేసికొనును. పిల్లవాడు నమ్మి చెప్పెను, బొంకలేదు. ఈ దెబ్బవలన వాడు నేర్చుకొనునది సత్యము పలుకుట కాదు, నోరు మూసికొనుట.

పెద్దల విషయములో నీ మాటయే మఱియొక విధముగా పనిచేయును. వేయి అబద్ధములాడియైన నొక పెండ్లి చేయవలెనని మనకు సామెత కలదు. భాగవతములో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన మినహాయింపులలోను వివాహము చేరియున్నది. వరుని వయస్సును, రోగమును, అప్పులను దాచి పెండ్లి జరిపించి, గుట్టు బయటపడినప్పుడు, ‘ఏమి చేయుదుము, ఆ మాట అబద్ధమైనది’ అందురు. మాట తనంతట తానే చెడిపోయినట్లు! చెప్పినవాడు తప్పించుకొనును, ఫలము పిల్ల యనుభవించును.

మంచి ప్రయోజనమునకై చెప్పినను దోషమేనా యని కొందఱు అడుగవచ్చును. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో గిరీశము తన సుఖమునకై మాటలు కల్పించును. కరటకశాస్త్రి తన మేనకోడలిని ముసలివానికి అమ్ముడుపోకుండ కాపాడుటకై, శిష్యునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు అంటగట్టును. ఇంగ్లీషు పదమును బట్టి చూచిన నిద్దఱును ‘లై’ చెప్పినవారే. మోసగింప దలచెనా యని మాత్రమే ఆ పదము అడుగును. ఎవరి మేలునకై యని అడుగదు. ఆ రెండవ ప్రశ్న మనము అడుగవలసినదే. శాస్త్రిని మన్నించుటయు, గిరీశమును మన్నింపకుండుటయు న్యాయమే. కాని చేసినది మోసమని ముందుగా నొప్పుకొనినవానికే ఆ ప్రశ్న అడుగు నధికారము కలదు.

ఇందుకు తెలుగులో మాట లేకపోలేదు. ఎఱిగి చెప్పినది బొంకు. ఎఱుగక చెప్పినది పొరపాటు. ‘లై’ యను మాటకు బొంకనియే పిల్లలకు నేర్పుట మేలు. పై సామెతలో అబద్ధమునకు బదులు బొంకు నుంచి చదివిచూడుడు. వేయి బొంకులు బొంకి పెండ్లి చేయుట ఎవరి నోటికిని రుచింపదు. ఇకమీదట పిల్లవాని మాట నిజము కాదని తేలినప్పుడు, ‘బొంకితివా, పొరబడితివా?’ యని అడిగి, జవాబు విన్న పిమ్మటనే మందలింపుడు. పెండ్లిమాటలకు వచ్చిన పెద్దలనును ఆ ప్రశ్ననే అడుగుడు.