ఫిల్ జిమ్మర్‌మన్ వ్యాసంలో ‘కవరు’ రూపకం: ఒక పరిశీలన

ఎన్‌క్రిప్షన్‌పై వెలువడిన రచనల్లో అధికభాగం గణితాన్ని వివరిస్తాయి. ఫిల్ జిమ్మర్‌మన్ తాను పీజీపీని ఎందుకు రాశాడో చెప్పే వ్యాసం మాత్రం గణితం జోలికి పోదు. 1991లో ‘ప్రెటీ గుడ్ ప్రైవసీ’ అనే ఆ సాఫ్ట్‌వేర్ ఉచితంగా విడుదలైనప్పుడు దాని వాడుక పుస్తకంలో భాగంగా వచ్చిన ఈ వ్యాసాన్ని రచయిత 1999లో సవరించాడు. అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమంలో పనిచేసిన వ్యక్తి కావడం వల్ల ఆయన గొంతులో ఇంజనీరు కంటే కరపత్ర రచయితే ఎక్కువగా వినిపిస్తాడు. వ్యాసం బరువంతా ఒక్క రూపకం మీద ఆని ఉంది: మామూలు ఈ-మెయిల్ పోస్టుకార్డు వంటిది, ఎన్‌క్రిప్షన్ కవరు వంటిది.

తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకన్న ప్రశ్నకు జిమ్మర్‌మన్ సూటిగా సమాధానం చెప్పడు. ఎదురు ప్రశ్న వేస్తాడు. అలాగైతే ఉత్తరాలన్నీ కార్డుల మీదే ఎందుకు రాయరు? అందరూ కార్డులే రాసే సమాజంలో ఒక్కడు కవరు వాడితే అధికారులకు అనుమానం కలుగుతుంది. అందరూ కవర్లే వాడితే ఎవరినీ అనుమానించనక్కరలేదు. ఇక్కడ గోప్యత ఒక వ్యక్తి సొత్తుగా గాక సామూహిక అలవాటుగా మారింది. రహస్యమేదీ లేనివాడు కూడా కవరు అంటించడం వల్లనే ప్రభుత్వాన్ని ఎదిరించేవాడికి చాటు దొరుకుతుంది. వ్యాసంలో అన్నింటికంటే బలమైన రాజకీయ ప్రతిపాదన ఇదే. కమ్యూనికేషన్ సంస్థలు సందేశాల అసలు పాఠాన్ని ప్రభుత్వానికి అందించగలిగేలా ఉండాలన్న వాక్యం ఆ ఏడాది అమెరికన్ సెనేట్ ముందుకు వచ్చిన 266వ బిల్లులో చోటుచేసుకుంది. ఆ సందర్భంలో ఈ ప్రతిపాదనకు అత్యవసరత కూడా తోడైంది.

అయితే రూపకాన్ని పరిశీలించేటప్పుడు ఉపమానంలోని ఏ ధర్మాలు ఉపమేయానికి సంక్రమిస్తున్నాయో చూడాలి. కవరు లోపలి విషయాన్ని దాస్తుంది. చిరునామాను మాత్రం తానే ప్రకటిస్తుంది. ఈ సంగతి తెలుగు పాఠకుడికి వేరుగా చెప్పనక్కరలేదు. శుభలేఖ కవరు మూలల్లో పసుపు కనబడితే విప్పకుండానే పెళ్లి కబురని తెలుస్తుంది. చావు కబురు మోసుకొచ్చే కార్డుకు మూల కత్తిరించే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో అక్షరం చదవకముందే ఏడుపు మొదలయ్యేది. లోపలి మాట కంటే బయటి గుర్తే ముందు మాట్లాడుతుంది. పీజీపీ విషయంలోనూ ఇదే జరిగింది. అది సందేశ పాఠాన్ని మూసింది గాని, ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్నది బయటే ఉండిపోయింది. మెయిల్ శీర్షిక కూడా అంతే.

దీన్ని సాంకేతిక లోపంగా మాత్రమే చూస్తే సరిపోదు. ఈ రూపకానికి అమెరికన్ న్యాయచరిత్రలో మూలం ఉంది. మూసిన ఉత్తరాన్ని వారంటు లేకుండా విప్పరాదని 1878లో జాక్సన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. కాని బయటి రూపాన్నీ బరువునూ ఆ రక్షణ నుంచి మినహాయించింది. ఫోనులో తిప్పిన నంబర్లకు రాజ్యాంగ రక్షణ లేదని 1979లో స్మిత్ వర్సెస్ మేరీలాండ్ తీర్పు నిర్ధారించింది. కవరును ఆదర్శంగా స్వీకరించిన వ్యాసం, కవరు పైభాగాన్ని రాజ్యానికి వదిలేసిన ఈ సంప్రదాయాన్ని కూడా తెలియకుండానే స్వీకరించింది. మెటాడేటా ఆధారంగా మనుషులను చంపుతున్నామని 2014లో ఎన్ఎస్ఏ, సీఐఏల మాజీ అధిపతి మైకేల్ హేడెన్ బహిరంగంగా అంగీకరించినప్పుడు, ఆ వదిలేసిన భాగం ఎంత విలువైనదో బయటపడింది.

వ్యాసం కంటే పదునైన వాదన జిమ్మర్‌మన్ చేతలో ఉంది. ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధాల జాబితాలో చేర్చిన ఎగుమతి చట్టం కింద 1993లో ఆయనపై దర్యాప్తు మొదలైంది. 1995లో పీజీపీ మూలకోడ్‌ను ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చువేసింది. డిస్కులో ఉంటే ఆయుధం, కాగితంపై ఉంటే గ్రంథం! చట్టంలోని ఈ వైరుధ్యాన్ని ఏ కరపత్రమూ ఇంత స్పష్టంగా చూపలేదు. 1996 జనవరిలో అభియోగం మోపకుండానే దర్యాప్తు ముగిసింది. అదే ఏడాది డేనియల్ బెర్న్‌స్టీన్ కేసులో కాలిఫోర్నియా ఫెడరల్ న్యాయస్థానం మూలకోడ్‌ను భావప్రకటనగా గుర్తించింది. ఎవరైనా చదివి తప్పులు పట్టగల కోడ్‌నే నమ్మాలన్న ఓపెన్‌సోర్స్ సూత్రం ఇక్కడ వాక్ స్వాతంత్ర్యంతో కలిసింది.

ఎరిక్ హ్యూస్ 1993లో రాసిన సైఫర్‌పంక్ మ్యానిఫెస్టో మరో భేదాన్ని తేల్చింది: లోకమంతటికీ తెలియకూడదనుకునేది ప్రైవసీ, ఎవరికీ తెలియకూడదనుకునేది రహస్యం. తెలుగులో ‘గోప్యత’ రెంటికీ చెల్లుతోంది. అధికారులు ఫైళ్లను దాచడమూ గోప్యతే, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పౌరులకు ప్రాథమిక హక్కుగా గుర్తించినదీ గోప్యతే. అయితే ‘గుప్’ ధాతువుకు కాపాడటమన్న అర్థం ఉంది. దాచదగినదానితో పాటు కాపాడదగినదీ గోప్యమే. వాడుకలో వెనకబడిన ఈ రెండో అర్థమే హ్యూస్ భేదానికి దగ్గరగా ఉంటుంది.

కవరు రూపకం మోసగించిన చోటు ఇంకొకటుంది. కవరు అంటించడానికి శిక్షణ అక్కరలేదు. 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్‌లు పీజీపీ 5.0ను 12 మందికిచ్చి 90 నిమిషాల గడువు పెడితే, మూడోవంతు మందే సందేశాన్ని సరిగా సంతకం చేసి ఎన్‌క్రిప్ట్ చేయగలిగారు. ముగ్గురు దాచవలసిన సమాచారాన్నే పొరపాటున బట్టబయలుగా పంపారు. అందరూ వాడినప్పుడే రక్షణ అన్న సిద్ధాంతం, కొందరే వాడగల పనిముట్టుపై నిలబడింది. ఉద్యమకారులు ఈ సంగతిని చాలాకాలం వాడకందారు అజ్ఞానంగా కొట్టిపారేయడం సమర్థనీయం కాదు.

ఆ అవరోధాన్ని తరువాత సిగ్నల్ వంటి ఓపెన్‌సోర్స్ యాప్‌లు చాలావరకు తొలగించాయి. వాటిలో తాళంచెవుల పని వాడకందారుకు తెలియకుండానే జరుగుతుంది. 2018లో సిగ్నల్ ప్రవేశపెట్టిన ‘సీల్డ్ సెండర్’ పేరులో పాత రూపకమే తిరిగి వచ్చింది. ఈసారి పంపినవారి పేరు కూడా కవరు లోపలికి చేరింది. అందుకునేవారి చిరునామా మాత్రం బయటే ఉంది. అది లేకపోతే ఉత్తరం చేరదు.