నల్లమల వృక్షసంపదపై ఒక గ్రంథం

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూనది పారే నల్లరేగడి మైదానం. నంద్యాల, ఆళ్లగడ్డ పాఠశాలలలోని విద్యార్థి ఆకు, పువ్వుల భాగాలను మందార, ఉమ్మెత్తల మీద నేర్చుకొనును. అహోబిలం కొండ మీద మరెక్కడా కానరాని మొక్కలున్నవని అతనికి చెప్పువారు అరుదు. ఆ కొండలకు ఆధారగ్రంథం లేకపోలేదు. జె. ఎల్. ఎల్లిస్ ఆంగ్లంలో రచించిన 'ఫ్లోరా ఆఫ్ నల్లమలైస్'ను భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 1987, 1990 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా ప్రచురించినది.

అంతకు పూర్వం మద్రాసు రాజధాని మొత్తానికి గాంబుల్ 1915లో ఆరంభించిన బృహద్గ్రంథమే దిక్కు. ఒక్క కొండల వరుసకు ప్రత్యేక గ్రంథం సమకూర్చుట ఎల్లిస్ చేసిన మేలు. ఆయనే నామకరణం చేసిన 'ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయాన' ఈ కొండల పేరు మోయుచున్నది. ఇది నేలవేముకు దగ్గరి చుట్టమే. కాని నేలవేము దేశమంతటా పెరుగును. దీనికి తూర్పు కనుమల దక్షిణ భాగమే నివాసం. ఒకే ప్రజాతిలో ఇంత భేదమేల? తరగతిలో వేయదగిన ప్రశ్న ఇది.

అయితే ఇటువంటి గ్రంథాలను చదువువారు ఒక పొరపాటు చేయుదురు. 'ఎండెమిక్' అన్నచోట 'అరుదైనది' అని చదువుకొందురు. ఎండెమిక్ అనగా ఒక ప్రాంతానికే పరిమితమైనదని మాత్రమే అర్థం. ఎర్రచందనం సహజంగా పెరిగేది కడప, తిరుపతి, నెల్లూరు కొండలలోను, నల్లమల దక్షిణ భాగంలోను. ఆ పరిధిలో అది ఒకటి రెండు చెట్లుగా కాదు, గుంపులుగానే పెరిగినది. దానికి ముప్పు తెచ్చినది గొడ్డలి. అందుచేతనే 1995 నుండి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేరినది.

రెండవది, 'ఇక్కడ మాత్రమే' అన్న మాట వెదకినంతవరకే నిజం. కొండ సాంబ్రాణి చెట్టు, అనగా బోస్వెల్లియా ఒవాలిఫోలియొలేటా, 1961లో తిరుమల కొండల నుండి కొత్త జాతిగా వర్ణింపబడినది. తరువాత నల్లమలలోను కనిపించినది. జాతి పరిధి పెరగలేదు, వెదకినవారి నడక పెరిగినది! మొక్క పేరులో కొండ పేరున్నంత మాత్రాన అదే సరిహద్దు కాదు.

ఇక గ్రంథంలోని లోటు. మొక్కలన్నీ కుటుంబాల క్రమంలో ఉన్నవి. శాస్త్రజ్ఞునికి అది సౌకర్యమే. ఎగువ అహోబిలం మెట్ల మీద నిలిచిన ఉపాధ్యాయుడు మాత్రం, చేతిలోని ఆకు ఏ కుటుంబానిదో ముందే తెలిసియుంటే తప్ప, పుట తెరువలేడు. ఆంగ్లానికి లాటిన్ పదాలు తోడైనవి. ఈ రెండు సంపుటాల నుండి వంద మొక్కలను ఏరి, బొమ్మలతో, స్థానిక నామాలతో తెలుగు చేపుస్తకం కూర్చవచ్చును. చివర ఊళ్ల వారీ సూచిక ఒకటి చేర్చినచో, ఆళ్లగడ్డ బాలుడు 'అహోబిలం' అన్న పేరు క్రింద తన కొండ మొక్కలను తానే వెదుకుకొనగలడు.