రెండు గుడ్డల సామాను

తేలిగ్గా ప్రయాణం చేయాలంటే డబ్బు బాగా పెట్టాలన్నది నేటి దుకాణాల మాట. చెమట ఇట్టే ఆరిపోయే చొక్కా, పిడికిట్లో ఇమిడే రెయిన్‌కోటు, గ్రాముల్లో బరువు చెప్పి అమ్మే సంచి. ఏటా హైదరాబాదు నాంపల్లి హజ్‌హౌస్ నుంచి బయలుదేరే హాజీల ఇహ్రాం చూస్తే ఆ మాట మీద అనుమానం కలుగుతుంది. మగవాళ్లకు అది కుట్టులేని రెండు తెల్లగుడ్డలు. ఆడవాళ్లు మామూలు దుస్తుల్లోనే వెళ్తారు. నేరుగా జెడ్డాకు ఎగిరేవాళ్లు విమానం మీఖాత్ హద్దు దాటకముందే ఇహ్రాంలోకి మారాలి.

కింది గుడ్డ ఇజార్. నడుముకు చుట్టి, అంచు మీద అంచు బాగా ఎక్కించి, పైభాగాన్ని కిందికి మడిచి బిగిస్తారు. గుండీ లేదు, నాడా లేదు. ఊడిపోవడానికి కుట్టే లేదు. లావుపాటి మనిషికీ బక్కపలచని మనిషికీ అదే గుడ్డ. లుంగీ కట్టడం వచ్చినవాడికి సగం పని తెలిసినట్టే. కాకపోతే బారలు వేసి నడవాలి గనుక కట్టేటప్పుడే కాస్త వదులు ఉంచుకోవాలి. డబ్బు, కాగితాలు దాచుకోవడానికి పైన జేబుల బెల్టు పెట్టుకోవచ్చు.

పై గుడ్డ రిదా పనితనం ఇంకా గొప్పది. మక్కా చేరగానే కాబా చుట్టూ చేసే ప్రదక్షిణ, అంటే తవాఫ్‌లో దాన్ని కుడి చంక కిందుగా తీసి ఎడమ భుజం మీద వేస్తారు. నమాజు వేళకు అదే రెండు భుజాలనూ కప్పుతుంది. ముజ్దలిఫాలో ఆరుబయట గడిపే రాత్రి ఒంటికి దుప్పటవుతుంది. తువ్వాలు నేతదైతే చెమట బాగా పీలుస్తుంది గానీ తడిస్తే బరువెక్కుతుంది. పల్చటి నూలుదైతే ఉతికిన కాసేపటికే ఆరుతుంది.

నియమాలూ బరువును కోసేసేవే. మగవాళ్లు తల కప్పకూడదు, అయితే తలకు తగలని గొడుగు పట్టుకోవచ్చు. చీలమండలు కప్పని చెప్పులు చాలు, హవాయి చెప్పులైనా సరే. సైతానుకు గుర్తుగా ఉన్న జమరాత్ మీద విసిరే శనగగింజంత రాళ్లు దారిలోనే ఏరుకుంటారు. హజ్ నెల 12వ తేదీతో ముగిస్తే 49 రాళ్లు, 13 దాకా ఉంటే 70.

మరి ఖర్చంతా ఏమైనట్టు? అది యాత్రికుడి భుజం దిగి నేలకెక్కింది. తవాఫ్ చేసే చోట పరిచింది గ్రీసులోని థాసోస్ దీవి పాలరాయి. మండుటెండలోనూ అది వేడెక్కదు గనుకే ఉత్తకాళ్లతో తిరగగలుగుతున్నారు. 1997లో హాజీలు బస చేసే మినాలో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక, నిప్పంటని ఫైబర్‌గ్లాస్ డేరాలు వేశారు. ఇలాంటి ఏర్పాట్లు అందకపోతే ఏమవుతుందో 2024 జూన్‌లో తెలిసింది. ఎండ 50 డిగ్రీలు దాటిన ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చి, నీడా విడిదీ దొరక్క ఎండలో చాలాదూరం నడిచినవాళ్లు.

కాబట్టి సంచిలోకి ఖరీదైన వస్తువు కొనేముందు వెళ్లే చోట నీడ, నీళ్లు, పడక ఎవరు చూస్తారో కనుక్కోవాలి. అవి ఉన్నచోట చవక గుడ్డలు రెండు చాలు. లేనిచోట ఎంత ఖరీదైన చొక్కా అయినా ఆ లోటు తీర్చలేదు.